కొబ్బరినీళ్ళ మీద మీగడ

పాల మీద మీగడ కట్టడం అందరూ చూసిందే. కొబ్బరినీళ్ళ మీద కూడా మీగడ కడుతుందంటే నమ్ముతారా? కడుతుంది. అదీ పలచని తెరలాగా కాదు; వేలెడు మందాన, కత్తితో ముక్కలుగా కోసుకునేంత గట్టిగా!

కోనసీమలో మామిడికుదురు చుట్టుపక్కల ఎటు చూసినా కొబ్బరి తోటలే. ఇక్కడి కాయల్లో కొన్ని నెలల తరబడి నిలవ ఉండి కురిడీలవుతాయి. కురిడీలో నీళ్ళు కాయలోనే ఇంకిపోతాయి. కాని ఎండు కొబ్బరి చిప్పలు కావాలంటే నీళ్ళుండగానే కాయను పగలగొట్టాలి. ఆ నీళ్ళు ఏమవుతాయి? ఎక్కువగా నేలపాలే. కాయకు 100 మిల్లీలీటర్ల చొప్పున లెక్క వేసుకున్నా, వెయ్యి కాయలకు 100 లీటర్లు!

ముదురు కాయ నీళ్ళు బోండాం నీళ్ళంత తియ్యగా ఉండవు. అయినా వాటిలో కొంత చక్కెర, ఖనిజ లవణాలు ఉంటాయి. అవి కాలువలో పడితే సూక్ష్మజీవులు ఆ చక్కెరను తిని విపరీతంగా పెరుగుతాయి. పెరుగుతూ నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను వాడేస్తాయి. చేపలకు ఊపిరాడదు. నీరు కంపు కొడుతుంది.

మరి ఆ చక్కెరను మనకు కావలసిన సూక్ష్మజీవికే అప్పగిస్తే? ఈ ఉపాయం మనకు కొత్తది కాదు. పాలకు తోడు పెట్టేటప్పుడు మనం చేసేది ఇదే. పూర్వం ఇళ్ళలో తరవాణి కుండలో జరిగిందీ ఇదే. సూక్ష్మజీవుల చేత పదార్థాలను ఇలా మార్పించడాన్ని కిణ్వనం అంటారు.

కొబ్బరినీళ్ళకు వేసే తోడు వేరు. దాని పేరు కొమగాటెయిబాక్టర్ జైలినస్. పూర్వం అసిటోబాక్టర్ జైలినమ్ అనేవారు. ఇది వినిగర్ తయారుచేసే బాక్టీరియాకు చుట్టం. ఇది కట్టే పొర సెల్యులోజేనని 1886లో ఇంగ్లండుకు చెందిన ఏడ్రియన్ బ్రౌన్ తెలియజేశాడు. ఫిలిప్పీన్స్‌లో అనాసపండు రసంతో ఇలాంటి పొరను చేసుకునేవారు. 1949లో ఆ దేశపు రసాయన శాస్త్రవేత్త తియోడులా కలావ్ ఆఫ్రికా కొబ్బరినీళ్ళతో చేసే పద్ధతి రూపొందించింది. దానికి ‘నాటా డి కోకో’ అని పేరు. స్పానిష్ భాషలో నాటా అంటే మీగడే!

తయారీ ఇలా ఉంటుంది. నీళ్ళను వడగట్టి మరిగిస్తారు. లీటరుకు సుమారు 100 గ్రాముల చక్కెర, నత్రజని కోసం కొద్దిగా అమ్మోనియం లవణం కలుపుతారు. ఇతర సూక్ష్మజీవులు చేరకుండా ఎసిటిక్ ఆమ్లం పోసి పులుపు చేస్తారు. చల్లారాక తోడు వేసి, వెడల్పు పళ్ళేల్లో పోసి, పైన గుడ్డ కప్పి కదపకుండా ఉంచుతారు. రెండు మూడు వారాల్లో పొర తయారవుతుంది.

కదపకూడదని ఎందుకంటారు? ఈ బాక్టీరియాకు ఆక్సిజన్ తప్పనిసరి. అందుకే గాలి తగిలే పైభాగంలోనే పొర కడుతుంది. పళ్ళెం కదిలితే పొర కిందికి కుంగిపోతుంది. అప్పుడు పైన మళ్ళీ కొత్త పొర మొదలు!

కడ్డీ ఆకారంలో ఉండే ఈ జీవి, వేల గ్లూకోజు అణువులను గొలుసులుగా కలుపుతుంది. ఒంటి మీద వరుసగా ఉన్న సన్నని రంధ్రాల గుండా, సాలీడు దారం తీసినట్లు, వాటిని బయటికి తీస్తుంది. ఆ పోగులు తల వెంట్రుక కంటే వందల రెట్లు సన్నం. కోట్ల జీవులు తీసిన పోగులు చిక్కుబడి వలగా ఏర్పడి, నీటిని పట్టి ఉంచుతాయి. చూడటానికి గట్టిగా ఉన్నా పొరలో దాదాపు అంతా నీరే. పత్తిలో ఉన్నదీ సెల్యులోజే. కాని చెట్టు కలపలో దానితోపాటు లిగ్నిన్ వంటివి కలిసి ఉంటాయి. ఈ పొరలో అవి ఉండవు.

పొరను పులుపు పోయేదాకా కడిగి, ముక్కలు కోసి, చక్కెర పాకంలో వేస్తే తినుబండారం. సెల్యులోజు మనకు అరగదు కాబట్టి అది పీచు పదార్థంగా పనికివస్తుంది. శుద్ధి చేసిన పొరను కాలిన గాయాలకు కట్టుగా వాడతారు. అది గాయాన్ని తడిగా ఉంచుతుంది. 1989లో జపాన్‌కు చెందిన సోనీ సంస్థ హెడ్‌ఫోన్లలో శబ్దం పుట్టించే పలచని తెరను కూడా ఇలాంటి సెల్యులోజుతోనే చేసింది!

మన దేశంలో 1981లో ఏర్పడిన కొబ్బరి అభివృద్ధి మండలి ఈ పద్ధతిని ప్రచారం చేస్తోంది. అయితే కష్టాలూ ఉన్నాయి. చక్కెరకు ఖర్చవుతుంది. పొరను కడిగిన పుల్లని నీటిని శుద్ధి చేయకుండా కాలువలోకి వదిలితే మొదటి చిక్కు మళ్ళీ మొదటికొస్తుంది. అన్నిటికీ మించి, కొబ్బరినీళ్ళు ఆగవు. కాయ పగిలిన కొద్ది గంటల్లోనే పాడవడం మొదలవుతుంది.

కావాలంటే మీరే చూడండి. ముదురు కాయ నీళ్ళను ఒక గాజు గ్లాసులో పోసి, గుడ్డ కప్పి, పూటపూటకూ వాసన, రంగు రాసుకోండి. తాగవద్దు సుమా! రెండు రోజుల్లో గ్లాసు ఎలా మారుతుందో చూస్తే, కాయలు కొట్టే చోటనే శుభ్రమైన పాత్ర, వడగట్టే గుడ్డ, పొయ్యి సిద్ధంగా ఎందుకు ఉండాలో మీకే తెలుస్తుంది.