ఈ-సిగరెట్టు: చవకదా, ఖరీదైనదా?

"డాక్టరు గారూ, మా అబ్బాయి వచ్చే నెల లండన్ నుండి వస్తున్నాడు. వాళ్ళ నాన్న చేత సిగరెట్టు మాన్పించడానికి ఈ-సిగరెట్టు తెస్తానంటున్నాడు. తక్కువ ధరది తెమ్మనమంటారా, ఖరీదైనది తెమ్మనమంటారా?"

ఇటువంటి ప్రశ్న అడిగే కుటుంబాలు ఇప్పుడు మనలోనూ ఉన్నాయి. ప్రశ్నలో ప్రేమ ఉంది, పొగ మాన్పించాలనే తపన ఉంది. ఎక్కువ డబ్బు పెడితే మంచి వస్తువు వస్తుందనే నమ్మకం కూడా ఉంది. కుక్కరు, ఫ్యాను, ఇస్త్రీ పెట్టె కొనేటప్పుడు ఆ నమ్మకం చాలా వరకు నిజమే. ఈ వస్తువు విషయంలో అది ఎంత వరకు నిజమో చూద్దాం.

లోపల ఏముంటుంది?

ఇప్పటి ఈ-సిగరెట్టును 2003లో చైనాకు చెందిన హాన్ లిక్ అనే ఫార్మసిస్టు తయారుచేశారు. దీన్నే వేప్ అని కూడా అంటారు. చవకదైనా, ఖరీదైనదైనా లోపల ఉండేవి నాలుగే: ఒక బ్యాటరీ, సన్నని తీగచుట్ట, ద్రవాన్ని పీల్చుకునే దూది వత్తి, ద్రవం ఉండే చిన్న గది. మనం పీల్చగానే బ్యాటరీ తీగచుట్టను వేడి చేస్తుంది. వత్తిలోని ద్రవం ఆవిరై సన్నని తుంపరలుగా నోట్లోకి, అక్కడి నుండి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది.

ఆ ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, సువాసన ద్రవ్యాలు, చాలా వాటిలో నికోటిన్ ఉంటాయి. ఇక్కడ ఆకు కాలదు. అందువల్ల సిగరెట్టు పొగలో ఉండే తారు, కార్బన్ మోనాక్సైడ్ ఇందులో ఉండవు. దీన్ని మెచ్చుకునేవారు మొదట చెప్పే మాట ఇదే. ఆ మాట నిజం కూడా.

ఎక్కువ ధరకు ఏమి వస్తుంది?

చవక రకాల్లో ఎక్కువ భాగం ఒకసారి వాడి పారేసేవి. వీటిలో బ్యాటరీని గాని, తీగచుట్టను గాని మార్చే వీలుండదు. ద్రవం అయిపోతున్నా కొన్ని వేడెక్కుతూనే ఉంటాయి. వత్తి ఎండిపోయిన తరువాత తీగచుట్ట మితిమీరి వేడెక్కితే ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ వంటి విష పదార్థాలు పుడతాయి. గొంతులో మాడు ఘాటు తగలడం దాని గుర్తు.

ఖరీదైన రకాల్లో తీగచుట్ట మార్చుకోవచ్చు, ద్రవం నింపుకోవచ్చు. కొన్నిటిలో వేడి ఒక హద్దు దాటకుండా ఆపే ఏర్పాటు ఉంటుంది. షార్ట్ సర్క్యూట్ అయితే కరెంటు ఆగిపోయే రక్షణ ఉంటుంది. లీకు తక్కువ. ఒకసారి కొన్నాక నెలవారీ ఖర్చు కూడా తగ్గుతుంది. ఇవి నిజమైన లాభాలే.

అయితే అన్ని ఖరీదైన రకాలూ ఇటువంటివి కావు. ఎక్కువ శక్తితో పనిచేసే పెద్ద పరికరాలు ఒక్కొక్క దమ్ముకు ఎక్కువ ఆవిరిని, దానితోపాటు ఎక్కువ రసాయనాలను లోపలికి పంపుతాయి. సరదాపడేవారు కొనే కొన్ని లోహపు గొట్టాల్లో రక్షణ సర్క్యూటే ఉండదు. 2018 మే నెలలో అమెరికాలోని ఫ్లోరిడాలో అటువంటి పరికరం పేలి ఒక వ్యక్తి చనిపోయాడు.

ఎక్కువ ధరకు రానిది ఏమిటి?

మొదటిది, నికోటిన్. అది అన్నిటిలోనూ ఒకటే. అలవాటును పట్టి ఉంచేది, గుండె వేగాన్ని, రక్తపోటును పెంచేది అదే. గర్భిణీ స్త్రీ వాడితే కడుపులోని బిడ్డకు చేరుతుంది. ఇరవై అయిదేళ్ళ వరకు ఎదుగుతూనే ఉండే మెదడుకు కీడు చేస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే నికోటిన్ లవణం గొంతుకు ఘాటు తగలనివ్వదు కాబట్టి, ఎంత లోపలికి పోతున్నదో మనిషికి తెలియదు.

రెండవది, లోహాలు. 2018లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 56 మంది తమ సొంతానికి వాడుకుంటున్న పరికరాలను పరీక్షించారు. తీగచుట్ట నుండి సీసం, నికెల్, క్రోమియం వంటి లోహాలు ఆవిరిలోకి చేరుతున్నట్లు తేలింది. ఆ పరికరాలు దుకాణంలో తళతళలాడే రకాలే.

మూడవది, సువాసనలు. మామిడి, పుదీనా, వెనీలా వాసనలకు వాడే పదార్థాల్లో చాలా భాగం తినడానికి అనుమతించినవి. తినడం వేరు, వేడి చేసి ఊపిరితిత్తుల్లోకి పీల్చడం వేరు. కడుపు అరిగించుకునే ప్రతిదాన్నీ ఊపిరితిత్తులు భరించలేవు.

సిగరెట్టుకంటే మేలు కాదా?

ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలి. చాలా ఏళ్ళుగా సిగరెట్టు కాలుస్తున్న మనిషి దాన్ని పూర్తిగా వదిలి, ప్రమాణాలకు లోబడి తయారైన ఈ-సిగరెట్టుకు మారితే, అతనికి జరిగే హాని చాలా తగ్గుతుంది. బ్రిటన్ ఆరోగ్య శాఖవారు ఈ మాటే చెబుతారు. మానడానికి కూడా ఇది కొందరికి సహాయపడుతుంది. అనేక పరిశోధనలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్షల ప్రకారం, ఏ సహాయమూ లేకుండా ప్రయత్నించిన 100 మందిలో సుమారు 4 గురు, నికోటిన్ గమ్, ప్యాచ్‌లతో సుమారు 6 గురు, నికోటిన్ ఉన్న ఈ-సిగరెట్టుతో 8 నుండి 10 మంది మానగలుగుతున్నారు. వరెనిక్లిన్ అనే మాత్ర కూడా దాదాపు ఈ-సిగరెట్టుతో సమానంగా పనిచేస్తుంది.

కాని అదే బ్రిటన్‌వారు మరో రెండు మాటలు కూడా చెబుతారు. ఇది హాని లేనిది కాదు. పొగ త్రాగనివారు, పిల్లలు దీని జోలికి పోకూడదు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పిల్లలను దీనికి దూరంగా ఉంచడానికి వెంటనే చర్యలు తీసుకోవాలని దేశాలను కోరింది.

చాలామంది పడే చిక్కు ఇంకొకటి ఉంది. ఇంట్లో ఈ-సిగరెట్టు, బజారులో మామూలు సిగరెట్టు. ఇలా రెండూ వాడితే లాభం దాదాపు ఉండదు. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరిశోధన ప్రకారం, రోజుకు ఒక్క సిగరెట్టే కాల్చినా, ఇరవై కాల్చేవారికి అదనంగా ఉండే గుండె జబ్బు ముప్పులో సుమారు సగం ఉంటుంది. తగ్గించడం మంచిదే, కాని గుండెకు కావలసింది పూర్తిగా మానడం.

మన దేశంలో చట్టం

భారతదేశంలో 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు ద్వారా, ఆ డిసెంబరులో పార్లమెంటు చేసిన చట్టం ద్వారా ఈ-సిగరెట్లను నిషేధించారు. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నీ నేరమే. ఈ-హుక్కా, పొగాకును కాల్చకుండా వేడిచేసే పరికరాలు కూడా ఇందులోకే వస్తాయి. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లేక లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండూ. మళ్ళీ పట్టుబడితే మూడేళ్ళ వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా. నిల్వ ఉంచితే ఆరు నెలల వరకు జైలు, లేక యాభై వేల వరకు జరిమానా, లేక రెండూ.

కాబట్టి అబ్బాయి సూట్‌కేసులో తెచ్చినా అది దిగుమతే. "మా నాన్న ఆరోగ్యం కోసం" అనే మాటకు ఈ చట్టంలో మినహాయింపు లేదు.

చవకదా, ఖరీదైనదా అనే ప్రశ్నకు మన ఊళ్ళో అసలు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఇక్కడ రహస్యంగా అమ్మే ప్రతిదీ దొంగచాటుగా వచ్చినదే. రెండు వందలకు అమ్మినా, రెండు వేలకు అమ్మినా, లోపల ఏ ద్రవం ఉందో, ఎంత నికోటిన్ ఉందో తనిఖీ చేసినవారు లేరు. పెట్టె మీద రాసినదే లోపల ఉందనే హామీ లేదు. అటువంటి సరుకు ఎంత ప్రమాదమో అమెరికా అనుభవం చెబుతుంది. అక్కడ 2019లో వేపింగ్ వల్ల తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు వ్యాపించింది. 2020 ఫిబ్రవరి నాటికి ఆసుపత్రి పాలైనవారు, చనిపోయినవారు కలిపి 2,807 మంది. వారిలో 68 మంది మరణించారు. ఎక్కువ భాగం గంజాయి సారం కలిపిన ద్రవాల వల్ల, వాటిలో చిక్కదనం కోసం కలిపిన విటమిన్-ఇ అసిటేట్ వల్ల జరిగింది. అవి చాలా వరకు దుకాణం బయట, చేతులు మారి వచ్చిన సరుకు.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకు

మన బిడ్డలు చదువుకు, ఉద్యోగానికి వెళ్ళే దేశాలన్నిటిలో చట్టం ఒకటిగా లేదు. సింగపూరులో దగ్గర ఉంచుకోవడమే నేరం. ఖతర్‌లోనూ నిషేధమే. ఆస్ట్రేలియాలో 2024 జూలై నుండి మందుల షాపుల్లో మాత్రమే అమ్మాలి. బ్రిటన్‌లో పద్దెనిమిదేళ్ళు దాటినవారికి అమ్ముతారు, కాని ఒకసారి వాడి పారేసే రకాల అమ్మకాన్ని 2025 జూన్ 1 నుండి నిషేధించారు.

బ్రిటన్‌లో ఉన్న కుమారుడో, అల్లుడో సిగరెట్టు మానడానికి అక్కడే వాడుతుంటే, వారికి చెప్పవలసినవి ఇవి:

1. నమ్మదగిన దుకాణంలో కొనాలి. అక్కడి చట్టం ప్రకారం ద్రవంలో నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు, ద్రవం గది 2 మిల్లీలీటర్లు మించకూడదు. అంతకు మించినది దొంగ సరుకు.

2. డబ్బు పెట్టవలసింది హంగుకు కాదు, ఆవిరి మేఘాలకు కాదు. మార్చుకోగల తీగచుట్ట, బ్యాటరీ రక్షణ ఉన్న సాదా రకం చాలు.

3. దానికి తగిన ఛార్జరే వాడాలి. తలగడ మీద పెట్టి ఛార్జి చేయకూడదు. విడి బ్యాటరీలను నాణేలు, తాళాలతో కలిపి జేబులో వేయకూడదు.

4. మొదటి రోజునుండే మామూలు సిగరెట్టు ఆపాలి. నికోటిన్‌ను మెల్లగా తగ్గించుకుంటూ, కొన్ని నెలల్లో దీన్ని కూడా వదలాలి.

5. ఇండియాకు వచ్చేటప్పుడు తీసుకురాకూడదు.

ఇంట్లో పిల్లలుంటే

ఈ పరికరాలు పెన్నులా, పెన్ డ్రైవ్‌లా ఉంటాయి. బడి సంచిలో ఉన్నా పెద్దలు పోల్చుకోలేరు. పిల్లల గదిలో కారణం లేకుండా పండ్ల వాసన, తగ్గని పొడి దగ్గు, ఎన్నడూ లేని చిరాకు, డబ్బు లెక్క తేలకపోవడం కనిపిస్తే కూర్చోబెట్టి అడగండి. కొట్టవద్దు, నలుగురిలో సిగ్గుపరచవద్దు. భయపడిన పిల్లవాడు దాస్తాడు గాని మానడు.

నికోటిన్ ద్రవం చిన్నపిల్లలు మింగితే ప్రాణాపాయం. 2014 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలో ఏడాది పసివాడు ఈ ద్రవం వల్ల చనిపోయాడు. వాంతులు, చెమటలు, ఫిట్స్ వస్తే ఇంటి వైద్యం చేయకుండా, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మరి నాన్నగారు మానడం ఎలా?

చట్టబద్ధమైన, పరీక్షించిన మార్గాలు ఇక్కడే ఉన్నాయి. పొగ త్రాగేవారికే కాదు, చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా వాడేవారికీ, ఉత్తరాంధ్రలో అడ్డపొగ త్రాగే అమ్మలకూ ఇవి పనికివస్తాయి.

నికోటిన్ గమ్: 2 మిల్లీగ్రాములది మందుల షాపులో చీటీ లేకుండా దొరుకుతుంది. లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్టు కాల్చేవారికి 4 మిల్లీగ్రాములది అవసరం కావచ్చు, దానికి డాక్టరు చీటీ కావాలి. మామూలు చూయింగ్ గమ్‌లా నమలకండి. మెల్లగా నమిలి, ఘాటు తగలగానే బుగ్గకు, చిగురుకు మధ్య ఉంచండి. ఘాటు తగ్గాక మళ్ళీ నమలండి. ఇలా అరగంట. అంతకు పావుగంట ముందు నుండి టీ, కాఫీ, కూల్‌డ్రింక్ త్రాగవద్దు.

మాత్రలు: వరెనిక్లిన్, బుప్రోపియాన్ డాక్టరు చూసి ఇవ్వవలసినవి. ఫిట్స్ ఉన్నవారికి బుప్రోపియాన్ పనికిరాదు. మూత్రపిండాల జబ్బు ఉంటే వరెనిక్లిన్ మోతాదు మారుతుంది.

ఫోన్ సహాయం: జాతీయ పొగాకు విరమణ లైను 1800-112-356కు చేసే ఫోన్ ఉచితం.

మొదటి మూడు రోజులు కష్టం. చిరాకు, నిద్రలేమి, ఆకలి ఎక్కువవుతాయి. రెండు నుండి నాలుగు వారాల్లో అవి తగ్గుతాయి. ఒక్కొక్క కోరిక కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ సమయంలో గ్లాసు నీళ్ళు త్రాగడం, లేచి నాలుగడుగులు వేయడం, మనుమడితో మాట్లాడడం చాలు. ఇంట్లోవారు "మళ్ళీ మొదలుపెట్టారా?" అని దెప్పకుండా, "ఇవాళ్టికి ఎన్నో రోజు?" అని అడగడం మేలు. ఒకటికి రెండుసార్లు తప్పినా మళ్ళీ మొదలుపెట్టవచ్చు. మానిన ఏడాదికి, సిగరెట్టు వల్ల అదనంగా వచ్చే గుండె జబ్బు ముప్పు సగానికి తగ్గుతుంది.

ఈ-సిగరెట్టు కొనాలని పక్కన పెట్టిన డబ్బు ఉంటే, దానితో గమ్ కొనండి. అబ్బాయిని మాత్రం రమ్మనండి. వచ్చినప్పుడు నాన్నగారిని వెంటబెట్టుకొని ఒకసారి ఓ.పి.కి తీసుకురమ్మనండి. ఊపిరితిత్తుల పరీక్ష చేయించి, మానే తేదీ ఆ రోజే నిర్ణయించుకోవచ్చు.