గాలికీ పెట్రోలుకూ కుదరవలసిన పొత్తు

మా తండ్రిగారు వాడిన రాజ్‌దూత్ 350 మోటారుసైకిలు నేటికీ మా ఇంట ఉన్నది. యమహా ఆర్.డి. 350 నమూనాననుసరించి 1983లో మన దేశంలో తయారు కావడం మొదలైన ఈ బండి ఉత్పత్తి ఆ దశాబ్దం చివర నిలిచిపోయింది. 347 సి.సి. గల ఈ టూస్ట్రోక్ ఇంజనుకు సిలిండర్లు రెండు, కార్బ్యురేటర్లూ రెండు. కొంతకాలం క్రితం దాని పాత ఎయిర్ ఫిల్టరు పెట్టెను తొలగించి, బజారులో దొరికే గరాటు ఆకారపు ఫిల్టర్లు రెండు బిగించాము. బండి మునుపటికన్న చురుకుగా పరుగెత్తింది. కాని ఆ సంతోషం నలభై కిలోమీటర్లయినా నిలువలేదు. తమ్ముణ్ణి వెనుక కూర్చోబెట్టుకొని పోతూండగా ఇంజను హఠాత్తుగా బిగుసుకుపోయింది. వెనుక చక్రం ఈడ్చుకుపోయి ఇద్దరమూ రోడ్డు ప్రక్కన పడ్డాము. వెనుక మరొక వాహనం లేకపోవడం మా అదృష్టం.

బండిని ఒక వృద్ధ ఉస్తాద్ వద్దకు చేర్చాము. ఆయన స్పార్క్ ప్లగ్గులు విప్పి చూసి, "సార్, ఇంజనుకు గాలి పెంచిండ్రు గానీ పెట్రోలు పెంచలేదు" అన్నారు. విషయమంతా ఆ ఒక్క మాటలోనే ఉన్నది. దానిని విద్యార్థుల కోసం కొంత వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక భాగం పెట్రోలు పూర్తిగా మండడానికి తూకంలో సుమారు 14.7 భాగాల గాలి కావాలి. ఇంజను పూర్తి శక్తితో పనిచేసేటప్పుడు ఇంతకంటె కొంచెం చిక్కని మిశ్రమాన్ని కోరుతుంది. ఈ పాళ్లు కుదర్చడమే కార్బ్యురేటరు పని. ప్రవాహవేగం హెచ్చినచోట పీడనం తగ్గుతుందన్న సూత్రాన్ని డేనియల్ బెర్నౌలీ 1738లో గ్రంథస్థం చేశాడు. ఇరుకైన గొట్టంలో ఆ ఫలితాన్ని ఇటలీ దేశీయుడైన వెంచురి 1797లో ప్రకటించాడు. కార్బ్యురేటరు కంఠం అటువంటి ఇరుకు మార్గమే. అక్కడ పీడనం తగ్గగానే, క్రింది గిన్నెలోని పెట్రోలు జెట్టు అనే సన్నని రంధ్రం గుండా పైకి వచ్చి గాలిలో కలుస్తుంది.

పాత ఫిల్టరు పెట్టె దుమ్మును ఆపడమే గాక, గాలికి కొంత అడ్డు కూడ కల్పిస్తుంది. ఆ అడ్డు వలన కంఠంలో పీడనం మరికొంత తగ్గి, పెట్రోలు ఎక్కువగా వస్తుంది. తయారీదారులు ఆ లెక్క చూసుకొనే జెట్టు పరిమాణం నిర్ణయించారు. పెట్టెను తీసివేస్తే గాలి సులువుగా వస్తుంది గాని, దానికి తగినంత పెట్రోలు రాదు. మిశ్రమం పలుచనై వేడి పెరుగుతుంది. పిస్టను వ్యాకోచించి, నూనెపొర చెదరి, సిలిండరు గోడలను పట్టివేస్తుంది. ఇందులో మోసమేమంటే, మిశ్రమం పలుచనవుతున్నప్పుడు టూస్ట్రోక్ ఇంజను కొంతసేపు మరింత చురుకుగా ఉన్నట్లు తోస్తుంది. మేము మెచ్చుకున్న ఆ చురుకుదనమే రాబోయే ప్రమాదానికి సూచన!

కావున ఫిల్టరు మార్చినవారు కార్బ్యురేటరును సవరించక తప్పదు. ముందుగా కార్బ్యురేటరుకూ ఇంజనుకూ మధ్యనున్న రబ్బరు జోడింపులలో పగుళ్లు లేవనీ, గిన్నెలో పెట్రోలు మట్టమూ, ఇగ్నిషన్ టైమింగూ సరిగా ఉన్నవనీ చూసుకోవాలి. యాక్సిలరేటరు ముప్పాతిక నుండి పూర్తిగా తెరచినప్పుడు మెయిన్ జెట్టు ప్రధానం. దానిపై అంకె పెరిగిన కొలదీ రంధ్రం పెద్దది. ముందు తప్పనిసరిగా పెద్ద జెట్టుతో మొదలుపెట్టి, క్రమంగా తగ్గించాలి. చిన్నదానితో మొదలుపెట్టడం ఇంజనుకు ముప్పు. పావు నుండి ముప్పాతిక వరకు సూదిది పెత్తనం. దాని క్లిప్పును ఒక గాడి క్రిందికి దించితే సూది పైకి లేచి మిశ్రమం చిక్కనవుతుంది. నిలకడగా నడిచే స్థితిలో పైలట్ జెట్టు, గాలి స్క్రూ పనిచేస్తాయి. ఈ బండిలో ఆ స్క్రూను లోనికి త్రిప్పితే మిశ్రమం చిక్కనవుతుంది.

రెండు కార్బ్యురేటర్లలోనూ జెట్లు సమానంగా ఉండాలి, స్లయిడులు రెండూ ఒకే క్షణంలో లేవాలి. ఒకసారి ఒక మార్పే చేసి, పుస్తకంలో వ్రాసుకోవాలి. ఫలితాన్ని చెప్పేది ప్లగ్గు. నిర్జనమైన రోడ్డు మీద పూర్తి యాక్సిలరేటరుతో కొంతదూరం నడిపి, క్లచ్ నొక్కి, ఇంజను ఆపి, ప్లగ్గు విప్పి చూడాలి. లేత గోధుమరంగు ఉంటే క్షేమం. తెల్లగా ఉంటే పలుచన. మసిబారితే మితిమీరిన చిక్కదనం. ఎథనాల్ కలిపిన నేటి పెట్రోలు మిశ్రమాన్ని ఇంకొంత పలుచన చేస్తుంది గనుక పాత బండ్ల యజమానులు మరింత జాగ్రత్త వహించాలి.

సిలిండర్లు బోరు చేయించి, కొత్త పిస్టన్లు వేయించడానికి మాకు ఒక నెల జీతం ఖర్చయింది. ఉస్తాద్ పర్యవేక్షణలో ఐదుసార్లు జెట్లు మార్చిన మీదట ప్లగ్గులు గోధుమరంగుకు వచ్చాయి. ఆ అంకెను ఇక్కడ వ్రాయడం లేదు. ఒక బండికి కుదిరినది మరొక బండికి కుదరకపోవచ్చు. ఎవరి ప్లగ్గును వారే విప్పి చూసుకోవాలి. ఒక భాగాన్ని మార్చేముందు అది మరే భాగంతో పొత్తు కలిగి ఉన్నదో తెలుసుకోవాలన్న పాఠాన్ని మేము తరగతిలో ఎన్నోసార్లు చెప్పాము. నేర్చుకున్నది మాత్రం రోడ్డు ప్రక్కన. మా తమ్ముడు మళ్లీ వెనుక కూర్చుంటున్నాడు. అయితే ప్లగ్గు చూపిన తరువాతనే.