పథ్యం పట్టిన మొదటి వారంలో పరుగెత్తవచ్చునా?

ఒంటిమిట్టలో ఒక మామయ్య ఉన్నాడనుకొందాం. వయస్సు నలభై అయిదు, బరువు 90 కిలోలు. బరువు తగ్గాలని పట్టుదల పుట్టింది. ఉగాది మరునాటి నుంచి అన్నం, సంగటి, దోసె, చక్కెర అన్నీ ఒక్కసారిగా మానేశాడు. అదే రోజు తెల్లవారుజామున కోదండరామస్వామి గుడి దగ్గర నుంచి చెరువు కట్ట దాకా పరుగు కూడా మొదలుపెట్టాడు. మూడవ రోజున త్రాసు ఎక్కి చూస్తే రెండు కిలోలు తగ్గాడు. సంతోషించాడు. నాలుగవ రోజున పరుగు మధ్యలో కాళ్లు బరువెక్కి, కళ్లు తిరిగి కూర్చుండిపోయాడు.

"పథ్యం పడలేదు" అన్నారు కొందరు. "పరుగు పడలేదు" అన్నారు మరికొందరు. ఎవరి మాట నిజం? మూడు రోజులలో రెండు కిలోల కొవ్వు నిజంగా కరిగిందా? కొవ్వు అంత నిల్వ ఉన్న మనిషికి శక్తి ఎందుకు చాలలేదు? ఈ ప్రశ్నలకు సమాధానం మన కండరాలలో, కాలేయంలో, మూత్రపిండాలలో దొరుకుతుంది.

ఇటువంటి పథ్యాలు కొత్తవి కావు. 1863లో లండన్ నగరంలో శవపేటికల వ్యాపారి విలియం బాంటింగ్ రొట్టె, చక్కెర, బంగాళదుంప మానేసి బరువు తగ్గిన వైనాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. 1972లో అమెరికా వైద్యుడు అట్కిన్స్ వ్రాసిన పుస్తకంలోని పథ్యానికి మొదటి దశ చాలా కఠినమైనది. మన తెలుగునాట 2017, 2018 సంవత్సరాలలో వీరమాచనేని రామకృష్ణ గారు ప్రచారం చేసిన పద్ధతి ఊరూరా చర్చకు వచ్చింది. ధాన్యాలు మాని, కొబ్బరినూనె వంటి కొవ్వులు, నిమ్మకాయలు, నీళ్లు తీసుకోవడం అందులో ముఖ్యం. మెచ్చుకొన్నవారూ ఉన్నారు, ఆక్షేపించిన వైద్యులూ ఉన్నారు. వాటి మంచిచెడ్డలు తేల్చడం ఈ వ్యాసం పని కాదు. అన్నిటికీ ఉమ్మడిగా ఉండే మొదటి కఠిన దశలో శరీరానికి ఏమవుతుందో చూద్దాం.

కండరానికి ఇంధనం ఏది?

కండరం కదలాలంటే దానికి నేరుగా అందవలసిన పదార్థం ఒక్కటే. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. పొట్టిగా ఏ.టి.పి. అంటారు. దీని కథలో మన తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశాడు. 1927లో వారు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుగొన్నారు. 1929లో ఏ.టి.పి.ని కూడా కండరం నుంచి వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఆ పని సాధించాడు.

కండరంలో ఏ.టి.పి. చాలా కొద్దిగా ఉంటుంది. ఖర్చయిన దానిని ఎప్పటికప్పుడు తయారుచేసుకోవాలి. ఫాస్ఫోక్రియాటిన్ అందుకు సాయపడుతుంది గాని, గట్టిగా పరుగెత్తితే ఆ సాయం పది సెకన్ల పాటే. ఆ తరువాత రెండు నిల్వల మీద ఆధారపడాలి. ఒకటి గ్లైకోజెన్, రెండవది కొవ్వు.

మనం తిన్న అన్నం, సంగటి జీర్ణమై గ్లూకోజు అవుతుంది. మిగిలిన గ్లూకోజును శరీరం గ్లైకోజెన్ రూపంలో దాచుకొంటుంది. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాలన్నిటిలో సుమారు 400 గ్రాములు. గ్రాముకు 4 కేలరీల చొప్పున మొత్తం 2,000 కేలరీలు. ఇక కొవ్వు సంగతి చూడండి. ఒక కిలో కొవ్వు కణజాలంలో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. మన మామయ్య ఒంటిలో 25 కిలోల కొవ్వు ఉందనుకొంటే అది 1,92,500 కేలరీలు!

మరి ఇంత నిధి ఉండగా కళ్లు ఎందుకు తిరిగాయి? పొయ్యిని గుర్తుకు తెచ్చుకోండి. కంది కట్టె అంటించగానే భగ్గున మండుతుంది, త్వరగా అయిపోతుంది. తుమ్మ మొద్దు చాలాసేపు మండుతుంది కాని నెమ్మదిగా అంటుకొంటుంది, గాలి బాగా ఆడాలి. గ్లైకోజెన్ కంది కట్టె వంటిది. ప్రాణవాయువు చాలని వేళ కూడా దాని నుంచి కొంత శక్తి తీయవచ్చు. కొవ్వు తుమ్మ మొద్దు వంటిది. ప్రాణవాయువు లేకుండా దాని నుంచి శక్తి రాదు. పైగా ఒక లీటరు ప్రాణవాయువు ఖర్చుచేస్తే పిండిపదార్థం నుంచి సుమారు 5 కేలరీలు, కొవ్వు నుంచి సుమారు 4.7 కేలరీలు లభిస్తాయి. అందుకే మెల్లగా నడిచేటప్పుడు కొవ్వు ఎక్కువగా మండుతుంది. వేగం పెరిగేకొద్దీ శరీరం గ్లైకోజెన్‌ను అడుగుతుంది. మామయ్య కంది కట్టెల మోపు ఖాళీ చేసుకొని, భగ్గుమనే మంట కావాలన్నాడు.

రెండు కిలోల రహస్యం

పిండిపదార్థాలు మానేసిన తరువాత కాలేయంలోని గ్లైకోజెన్ సుమారు ఒక్కరోజులో తరిగిపోతుంది. పరుగు తోడైతే కండరాలలోనిది కూడా వేగంగా తగ్గుతుంది. ఒక గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు 3 గ్రాముల నీరు నిల్వ ఉంటుంది. ఇప్పుడు మీరే లెక్క వేయండి. 500 గ్రాముల గ్లైకోజెన్, దానితో 1,500 గ్రాముల నీరు. మొత్తం రెండు కిలోలు! అంత గ్లైకోజెన్ మూడు రోజులలో పూర్తిగా పోకపోయినా, త్రాసు మీద కనిపించిన తగ్గుదలలో ఎక్కువ భాగం నీరేనని తెలుస్తోంది. మళ్లీ రెండు రోజులు అన్నం తింటే ఆ బరువు తిరిగి వస్తుంది. అది పథ్యం ఓడిపోవడమూ కాదు, ముందు వచ్చింది గెలుపూ కాదు.

ఇంకొక సంగతి. పిండిపదార్థాలు తగ్గితే రక్తంలో ఇన్సులిన్ తగ్గుతుంది. ఇన్సులిన్ తగ్గితే మూత్రపిండాలు ఉప్పును ఎక్కువగా బయటికి పంపుతాయి. ఉప్పు వెంట నీరు పోతుంది. రక్తపోటు కొంచెం పడుతుంది. కూర్చున్నవాడు గభాలున లేస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి. తలనొప్పి, నీరసం, పిక్కలు పట్టడం ఈ రోజుల్లోనే వస్తాయి. దీనికి మా కడప జిల్లా ఎండ కూడా తోడైతే? ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. చెమటలో నీరు, ఉప్పు రెండూ పోతాయి. ఒక పక్క మూత్రంలో, ఒక పక్క చెమటలో పోతూ ఉంటే వడదెబ్బకు దారి తీసినట్లే.

మెదడు మాటేమిటి? దానికి రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు కావాలి. తిండిలో రానప్పుడు కాలేయం కొవ్వు నుంచి కీటోన్లు అనే పదార్థాలను తయారుచేసి మెదడుకు అందిస్తుంది. ఈ ఏర్పాటు కుదురుకొనడానికి కొన్ని రోజులు పడుతుంది. అంతవరకు కండరాల మాంసకృత్తులను కరిగించి కూడా శరీరం గ్లూకోజు తయారుచేసుకొంటుంది. ఇది మనం కోరుకొనే కరుగుదల కాదు.

పరీక్షలు ఏమి చెప్పాయి?

ఈ మొదటి నీరసాన్ని గమనించినవారిలో ఒకడు శాస్త్రజ్ఞుడు కాదు, సైనికుడు. 1878 నుంచి 1880 వరకు ఫ్రెడరిక్ ష్వాట్కా అనే అమెరికా అధికారి ఉత్తర ధ్రువ ప్రాంతంలో మూడు వేల మైళ్లకు పైగా ప్రయాణం చేశాడు. అక్కడ ధాన్యం లేదు, దుప్పి మాంసమే తిండి. ఆ తిండి మొదలుపెట్టినప్పుడు కష్టమైన నడకకు ఒళ్లు సహకరించదనీ, రెండు మూడు వారాలలో ఆ బలహీనత పోతుందనీ తన దినచర్యలో వ్రాసుకొన్నాడు.

1939లో డెన్మార్క్ శాస్త్రజ్ఞులు క్రిస్టెన్సన్, హాన్సెన్ మనుషులకు కొన్ని రోజులు కొవ్వు ఎక్కువగా, మరి కొన్ని రోజులు పిండిపదార్థం ఎక్కువగా పెట్టి సైకిలు వంటి యంత్రం తొక్కించారు. కొవ్వు తిండి మీద దాదాపు గంటన్నరకే అలసిపోయినవారు, పిండిపదార్థాల తిండి మీద మూడు గంటలు దాటి తొక్కగలిగారు.

1980లో అమెరికాలో ఫిన్నీ, ఆయన సహచరులు ఇంకొక పరీక్ష ప్రకటించారు. స్థూలకాయులైన ఆరుగురికి పిండిపదార్థాలు దాదాపు లేని, కేలరీలు తక్కువైన పథ్యం పెట్టి, కదిలే పట్టీ మీద నడిపించారు. తగ్గిన బరువుకు సమానమైన మూట వీపుకు కట్టారు. లేకపోతే ఒళ్లు తేలికైనందువల్లనే ఎక్కువ నడిచారని అనవచ్చు గదా! ఒక వారం తరువాత వారు నడవగలిగిన సమయం మొదటి దానిలో 80 శాతానికి పడిపోయింది. ఆరు వారాల తరువాత అది మొదటి దానికి ఒకటిన్నర రెట్లు అయింది.

ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాలి. పరీక్షలో ఉన్నది ఆరుగురే. చేసినది నడక, వేగమైన పరుగు కాదు. వారు వైద్యుల కనుసన్నల్లో ఉన్నారు. కనుక ఈ పరీక్ష నుంచి మనం తీసుకోవలసిన మాట ఇంతే: మొదటి వారంలో శక్తి తగ్గడం సహజం, మితమైన నడకకు శరీరం కొన్ని వారాలలో అలవాటు పడగలదు. వేగంగా పరుగెత్తేవాడికి మాత్రం గ్లైకోజెన్ అవసరం తీరదు.

వ్యాయామం మానేయాలా?

"అయితే పథ్యం చాలు, వ్యాయామం ఎందుకు?" అని మీరు అడగవచ్చు. బరువు లెక్కలో వ్యాయామం వాటా చిన్నదే. మామయ్య రోజూ 5 కిలోమీటర్లు నడిస్తే సుమారు 300 కేలరీలు ఖర్చవుతాయి. ఒక కిలో కొవ్వు కరగడానికి ఆ నడక ఒక్కటే అయితే సుమారు 26 రోజులు పడుతుంది. పైగా ఆకలి పెరగవచ్చు. బాంటింగ్ మొదట రోజూ పడవ తెడ్డు వేశాడు. కండ వచ్చింది గాని దానితో విపరీతమైన ఆకలి కూడా వచ్చి, బరువు తగ్గలేదు.

వ్యాయామం చేసే అసలు మేలు వేరు. పథ్యంలో కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. పని చెప్పిన కండను శరీరం అంత సులభంగా వదులుకోదు. గుండెకు, ఎముకలకు, నిద్రకు వ్యాయామం మేలు చేస్తుంది. కనుక మానవలసింది వ్యాయామాన్ని కాదు, తొందరను.

మొదటి వారం, పది రోజులు మెల్లని నడక చాలు. నడుస్తూ పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట తెగిపోతూ ఉంటే వేగం ఎక్కువైనట్లే. ఎండ ముదరక ముందే ముగించాలి. నీళ్లతో పాటు ఉప్పు వేసిన పలుచని మజ్జిగో, నిమ్మకాయ నీళ్లో తాగాలి. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఉప్పు విషయం వైద్యుణ్ణి అడిగే తేల్చుకోవాలి. వారంలో రెండు రోజులు గోడకు చేతులు ఆనించి దండీలు, కుర్చీ పట్టుకొని బస్కీలు నాలుగైదు తీస్తే కండకు పని చెప్పినట్లే. రెండు మూడు వారాలు గడిచి, నీరసం తగ్గిన తరువాత దూరం, ఆ పైన వేగం పెంచవచ్చు.

మధుమేహానికి ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారి సంగతి వేరు. తిండి తగ్గి, శ్రమ పెరిగి, మందు మాత్రం మునుపటంతే ఉంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చేతులు వణకడం, చల్లని చెమట, మాట తడబడటం దీని గుర్తులు. అటువంటప్పుడు పథ్యం మాట పక్కన పెట్టి, స్పృహ ఉంటే వెంటనే చక్కెర నీళ్లు తాగించాలి. శ్రీరామనవమి పానకం వంటి బెల్లపు నీళ్లయినా సరే. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకుపోవాలి. రొమ్ములో నొప్పి వచ్చినా ఆలస్యం చేయరాదు. మధుమేహానికి, రక్తపోటుకు మందులు వాడేవారు పథ్యం మొదలుపెట్టక ముందే వైద్యుణ్ణి చూడాలి. మోతాదు మార్చవలసి రావచ్చు.

ఇక మీ సంగతి

పై మాటలన్నీ పెద్దవాళ్లకు. పదమూడు నుంచి పదిహేడేళ్ల మీకు ఇటువంటి పథ్యం తగదు. మీ ఎముకలు పొడవు పెరుగుతున్నాయి, కండ పెరుగుతోంది, రక్తం వృద్ధి అవుతోంది. ఇప్పుడు తిండి తెగ్గోస్తే ఆ పెరుగుదలకు దెబ్బ తగులుతుంది. తిండి చాలక శ్రమ పడితే ఏమవుతుందో 1945లో అమెరికాలోని మినెసోటాలో ఆన్సెల్ కీస్ పరీక్షలో తెలిసింది. 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు, 24 వారాలు తక్కువ తిండి, వారానికి 22 మైళ్ల నడక. బరువులో సుమారు నాలుగవ వంతు పోయింది. గుండె వేగం మందగించింది. చదువు మీద, స్నేహాల మీద ఆసక్తి పోయి, పగలూ రాత్రీ తిండి ధ్యాసే మిగిలింది. పరీక్ష పెట్టుకొని ఖాళీ కడుపుతో చదివే విద్యార్థికి ఇంతకంటె హెచ్చరిక కావాలా?

తరగతిలో ఎవరో "లావు" అన్నారని అన్నం మానేసి, ఆటల పీరియడ్‌లో పరుగెత్తే పిల్లలు ఉంటారు. మీ పక్క బల్ల మీదే ఉండవచ్చు. ఎగతాళి చేయకండి, ఇంట్లో అమ్మతోనో, బడిలో ఉపాధ్యాయులతోనో చెప్పండి. నిజంగా బరువు ఎక్కువైతే వైద్యుడు చెబుతాడు. సీసాల్లోని తీపి పానీయాలు, నూనెలో వేయించిన చిరుతిండ్లు తగ్గించి, సాయంత్రం గంటసేపు ఆడుకొంటే చాలామందికి అదే మందు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాలలో కూడా ధాన్యాలను పూర్తిగా మానమని లేదు; రోజు మొత్తం శక్తిలో వాటి వాటా 45 శాతం మించకుండా చూసుకొని పప్పులు, కూరగాయలు, పండ్లు, పాలు, గింజలు కలుపుకోమని ఉంది. సంగటి ముద్ద కొంచెం చిన్నదై, పక్కన పప్పు, ఆకుకూర, చెనిక్కాయల ఊరుబిండి, మజ్జిగ ఉంటే ఆ పళ్లెంలో ఏమి తక్కువ?

ఈ ఆదివారం మీ ఇంట్లో ఒక పూట భోజనంలో ధాన్యం ఎంత, పప్పు ఎంత, కూర ఎంత ఉందో గిన్నెతో కొలిచి వ్రాయండి. పథ్యంలో ఉన్న పెద్దవాళ్లెవరైనా ఉంటే, వారితో పాటు ఉదయం నడకకు వెళ్లండి. మీతో మాట్లాడుతూ నడవగలుగుతున్నారో లేదో మీరే గమనించి చెప్పవచ్చు.