మీకు తెలుసా? తమ మాట తాము చెప్పిన కథానాయికలు

శోభన్‌బాబు, చిరంజీవి ఇద్దరూ నటించిన 1980 నాటి 'చండీప్రియ' సినిమాకు పేరు మాత్రం జయప్రద వేసిన పాత్రదే. దానికి మూలం మన పాలమూరు రచయిత్రి పోల్కంపల్లి శాంతాదేవి నవల. మక్తల్‌లో కూచుని నవలలు చదువుకునే నాకు ఈ సంగతి తెలిసిననాడు కలిగిన గర్వం అంతా ఇంతా కాదు.

యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' 1976లో వాణిశ్రీతో సినిమాగా వచ్చింది. ఆ నవల పేరెత్తితే చాలామంది కథానాయకుడు రాజశేఖరాన్నే తలుచుకుంటారు. నాకు మాత్రం జయంతే గుర్తుకొస్తుంది. బామ్మతో ఉంటూ, బతుకుదెరువు కోసం ఉద్యోగానికి వెళ్లిన పిల్ల. పుస్తకం మూసేశాక నన్ను వదలని ప్రశ్న ఒక్కటే: పెళ్లయ్యాక ఈ అమ్మాయి మళ్లీ ఏదైనా ఉద్యోగానికి పోతుందా?

ఇంగ్లిష్ నవల 'జేన్ ఐర్' 1847లో కరర్ బెల్ అనే పేరుతో అచ్చయింది. అసలు రచయిత్రి షార్లెట్ బ్రాంటి. జేన్ కూడా ధనవంతుడి ఇంట్లో జీతానికి చేరిన మనిషే. అతనితో పెళ్లి పీటల దాకా వచ్చాక, అతనికి ముందే భార్య ఉందని తెలిసి, చేతిలో దాదాపు ఏమీ లేకుండానే వెళ్లిపోతుంది. తనకంటూ డబ్బు వచ్చాకే తిరిగి అతని దగ్గరికి వస్తుంది. ముందు డబ్బు, తర్వాత ప్రేమ. ఆ వరుసే నాకు నవలంతటిలోకీ గొప్పగా తోచింది.

చలం 'మైదానం' 1927 నాటిది. వకీలు భర్తను వదిలి అమీర్‌తో వెళ్లిపోయిన రాజేశ్వరి కథను రాజేశ్వరే చెబుతుంది. ఆమె చేసినవన్నీ నేను ఒప్పుకోలేను. కానీ తన గురించి ఇంకొకరు తీర్పు చెప్పే అవకాశం ఇవ్వకుండా ఆమే మాట్లాడటం నాకు నచ్చింది.

నల్గొండ బిడ్డ వట్టికోట ఆళ్వారుస్వామి ఇళ్లల్లో వంట చేస్తూ చదువుకున్నాడు, ఊరూరా తిరిగి పుస్తకాలమ్మాడు. ఆయన నవల 'గంగు'కు ఒక ఆడపిల్ల పేరే పెట్టాడు. అది పూర్తికాకముందే 1961లో కన్నుమూశాడు. సగంలో ఆగిన ఆ పుస్తకం నాకు ఇప్పటికీ బాధే.

ఓల్గా 'స్వేచ్ఛ' 1987 నాటిది. ఇది చదివాక నా లెక్క తారుమారైంది. సొంత సంపాదన ఉంటే చాలు, ఆడదానికి ఎదురుండదని అప్పటిదాకా అనుకున్నాను. అరుణ ఉద్యోగం చేస్తుంది, ప్రేమించినవాణ్నే పెళ్లాడుతుంది. అయినా ఎక్కడికి వెళ్లాలన్నా, ఎవరిని కలవాలన్నా ఇంట్లో జవాబు చెప్పుకోవాల్సిందే. చివరికి ఆ ఇల్లు వదిలేస్తుంది. మా పిన్నికి ఈ నవల చదవమని ఇచ్చాను. ఇల్లు వదిలినందుకు అరుణను తిడుతుందేమో అనుకుంటే, "నౌకరి చేసినా యాడికి పోయినవ్ అని అడగకుంట ఇడుస్తరా?" అని నన్నే నిలదీసింది.