రౌతు భయం – గుర్రం భయం

'రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద పరుగెత్తుతుంది' అని తెలుగులో ఒక సామెత ఉంది. పెత్తనం చేసేవాడు గట్టిగా లేకపోతే కిందివారు మాట వినరని చెప్పడానికి దీనిని వాడుతుంటాం. అయితే ఈ సామెతను పైపైన అర్థం చేసుకున్నవారిలో ఒక అపోహ పాతుకుపోయింది. గుర్రాన్ని లొంగదీయాలంటే కరుకుగా ఉండాలనీ, భయపడేవాడు స్వారీకి పనికిరాడనీ వారు భావిస్తారు. ఇది సరికాదు. తొలిసారి గుర్రమెక్కేవారికి భయం కలగడం సహజం. దానిని దాచుకోవడం వల్ల గాక, అది ఎందుకు కలుగుతున్నదో తెలుసుకోవడం వల్ల తగ్గుతుంది.

మన ప్రాంతానికి గుర్రం కొత్త జంతువేమీ కాదు. ఓరుగల్లును ఏలిన కాకతీయుల సైన్యంలో అశ్వదళం ఒక ముఖ్యాంగం. నేటి జనగామ జిల్లాలోని ఖిలాషాపూర్‌లో కోట కట్టిన సర్వాయి పాపన్న 1708లో ఓరుగల్లుపై దాడి చేసిన నాటికి కూడా యుద్ధరంగంలో గుర్రానికి ప్రాధాన్యం తగ్గలేదు. ఇప్పుడు అదే జిల్లాలోని లింగాల ఘనపూర్‌లో పెరిగిన విద్యార్థికి గుర్రం ఏ పెళ్ళి ఊరేగింపులోనో తప్ప సాధారణంగా కనిపించదు. ఎడ్లనూ బర్రెలనూ బెరుకు లేకుండా తోలుకొచ్చే పిల్లవాడు సైతం గుర్రం దగ్గరకు పోవడానికి జంకుతాడు. అతనిది పశువంటే భయం కాదు, పరిచయం లేని పశువంటే భయం.

ఆ విద్యార్థే రేపు సివిల్ సర్వీసుల పరీక్షలో నెగ్గి ఐ.పి.ఎస్.కు ఎంపికైతే గుర్రమెక్కక తప్పదు. అలా ఎంపికైనవారికి హైదరాబాదులోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో శిక్షణనిస్తారు. 1948లో మౌంట్ అబూలో ప్రారంభమై, 1975లో హైదరాబాదుకు తరలివచ్చిన ఈ సంస్థలో గుర్రపు స్వారీ శిక్షణలో ఒక భాగం. ఈ కాలపు పోలీసు అధికారి దొంగలను గుర్రం మీద తరమడు గదా, మరి ఈ స్వారీ ఎందుకని అడగవచ్చు. తన కంటే ఎన్నో రెట్లు బలమైన ప్రాణిని నొప్పించకుండా నడపడం, గుండె దడదడలాడుతున్నప్పుడు కూడా నిబ్బరం కోల్పోకపోవడం దీనివల్ల అలవడతాయి.

రౌతు భయాన్ని అర్థం చేసుకోవాలంటే ముందుగా గుర్రం భయాన్ని అర్థం చేసుకోవాలి. నాలుగైదు వందల కిలోల బరువున్నా అది స్వభావరీత్యా పిరికి జంతువు. అడవి మృగాలకు ఆహారమయ్యే జాతి కనుక, అనుమానం కలిగితే పారిపోవడమే దానికి తెలిసిన ఆత్మరక్షణ. కళ్ళు తలకు ఇరువైపులా ఉన్నందువల్ల చుట్టూ ఉన్నవన్నీ దాదాపుగా కనిపిస్తాయి గాని, సరిగ్గా తోక వెనుక ఉన్నవీ, నుదుటికి మరీ దగ్గరగా ఉన్నవీ కనిపించవు. అందుకే వెనుక నుండి వచ్చేవారిని చూసి బెదురుతుంది, కాలు విసురుతుంది. భుజం వైపు నుండి మెల్లగా మాట్లాడుతూ సమీపిస్తే నిలకడగా ఉంటుంది. ఎవరికీ లొంగని బ్యుసెఫాలస్ అనే గుర్రం తన నీడను చూసి తానే బెదురుతున్నదని బాలుడైన అలెగ్జాండర్ గ్రహించి, దానిని సూర్యుని వైపు తిప్పి ఎక్కాడని గ్రీకు చరిత్రకారుడు ప్లూటార్క్ రాశాడు. ఆ కథలో బాలుని బలం కంటే పరిశీలనే మెచ్చదగినది.

రౌతు భయం గుర్రానికి సోకుతుందన్నది వట్టి నమ్మకం కాదు. స్వీడన్ పరిశోధకులు 2009లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కొందరు గుర్రాలను ఒక చోటి నుండి మరొక చోటికి పలుమార్లు నడిపించారు. చివరిసారి మాత్రం దారిలో అకస్మాత్తుగా గొడుగు విప్పుతామని వారికి ముందే చెప్పారు. నిజానికి గొడుగు విప్పనే లేదు. అయినా మనుషుల గుండె వేగంతోపాటు గుర్రాల గుండె వేగం కూడా పెరిగింది!

స్వారీలో ఈ చిక్కు మరింత ముదురుతుంది. బెదిరిన రౌతు ఊపిరి బిగబడతాడు, ముందుకు వంగుతాడు, పడిపోతానేమోనని పిక్కలతో గుర్రం డొక్కలను నొక్కుతాడు, అదే సమయంలో పగ్గాలను గట్టిగా లాగుతాడు. శిక్షణ పొందిన గుర్రానికి డొక్కలు నొక్కితే 'కదులు' అని అర్థం, పగ్గాలు లాగితే 'ఆగు' అని అర్థం. రెండు ఆజ్ఞలూ ఒక్కసారే అందితే అది ఏం చేయగలదు? తల ఎగరవేస్తుంది, పక్కకు జరుగుతుంది. దానితో రౌతు మరింత బిగుసుకుపోతాడు. సామెతలోని మెత్తదనాన్ని ఈ తడబాటుగా గ్రహించడమే సమంజసం.

కాబట్టి మంచి శిక్షకుడు తొలిరోజే దౌడు తీయించడు. గుర్రానికి మేత పెట్టడం, ఒళ్ళు తోమడం, కళ్లెం పట్టుకొని నడిపించడం ముందు నేర్పుతాడు. చెవులు వెనక్కి వాలితే చిరాకుపడుతున్నదనీ, తల దించి పెదవులు నమిలితే సాధారణంగా శాంతించిందనీ శిష్యుడు ఈ దశలోనే తెలుసుకొంటాడు. ఎక్కిన తరువాత శిక్షకుడు మధ్యలో నిలబడి, పొడవాటి తాడుతో గుర్రాన్ని తన చుట్టూ వలయాకారంగా నడిపిస్తాడు. అదుపు అతని చేతిలో ఉంటుంది కనుక శిష్యుడు పగ్గాలు వదిలి, చేతులు చాచి, గుర్రం నడకకు అనుగుణంగా నడుము కదలడాన్ని అలవరచుకోవచ్చు. గట్టిగా మాట్లాడమని లేదా పాడమని కూడా చెబుతారు. నవ్వు వచ్చే సలహాయే గాని, పాడేవాడు ఊపిరి బిగబట్టలేడు గదా! అన్నింటి కంటే ముందు నేర్పవలసిన విద్య గుర్రాన్ని ఆపడం. ఎప్పుడంటే అప్పుడు ఆపగలనన్న నమ్మకం కుదిరినవాడే వేగాన్ని కోరుకొంటాడు.

పడినవాడిని తక్షణమే మళ్ళీ ఎక్కించాలన్న పాతమాటను మాత్రం గుడ్డిగా పాటించరాదు. తలకు దెబ్బ తగిలిందేమో ముందు చూడాలి. శిరస్త్రాణం లేకుండా అసలు ఎక్కించనే కూడదు. దెబ్బ లేకపోయినా మనసు కుదుటపడకపోతే, ఆనాటికి గుర్రాన్ని నడిపించి, నిమిరి, మరునాడు మళ్ళీ నడకతో మొదలుపెట్టడం మేలు. ఒక మెట్టు కిందికి దిగడం ఓటమి కాదు.

డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్ అనే మహిళ 1944లో పోలియోకు గురైంది. మోకాళ్ళ కింది భాగంలో చలనం తిరిగి రాలేదు. ఇతరుల సాయం లేనిదే గుర్రం ఎక్కలేని, దిగలేని స్థితిలో ఆమె సాధన మళ్ళీ మొదలుపెట్టింది. కాళ్ళతో ఇవ్వలేని సంకేతాలను శరీరపు బరువును మార్చడం ద్వారా తన గుర్రానికి తెలియజేసింది. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో, మహిళలకు మొదటిసారిగా ప్రవేశం లభించిన డ్రెస్సాజ్ అనే స్వారీ పోటీలో, పురుషులతో తలపడి రజత పతకం గెలుచుకొంది. 1956లో మరొక రజతం సాధించింది.