క్రాలర్‌కి ఈఎస్‌సీ కొంటున్నారా? ఆంపియర్ల కంటే ముందు ఇవి చూడండి

మొన్న వేసవిలో ఖాజాగూడ గుట్టల దగ్గర నా ఆర్‌సీ క్రాలర్ బండరాయి మీంచి వెనక్కి జారి, పల్టీలు కొడుతూ కింద పడింది. అప్పుడు రిమోట్ మా తమ్ముడి చేతిలో ఉంది. బాబాయి కొడుకు, ఆరో క్లాసు, సెలవులకి వచ్చాడు. "బ్రేక్ వెయ్యాలి కదరా, నిద్రపోతున్నావా?" అని అందరి ముందూ అరిచేశాను. "నేను ట్రిగ్గర్ వదిలేశానంతే అన్నయ్యా" అన్నాడు. ఆ తర్వాత మళ్లీ రిమోట్ ముట్టుకోలేదు.

ఇంటికొచ్చి విరిగిన షాక్ మార్చాక, బాల్కనీలో చెక్క పలక ఏటవాలుగా పెట్టి టెస్ట్ చేశాను. ట్రిగ్గర్ వదిలితే నా చేతిలో కూడా బండి వెనక్కే జారింది. వాడి తప్పేం లేదు. తప్పు ఆ ఈఎస్‌సీని ఎంచుకున్న నాది.

అసలు నేనేం కొన్నాను?

నాది ఆక్సియల్ ఎస్‌సీఎక్స్10 టూ, 1/10 స్కేల్. ఎలక్ట్రానిక్స్ లేని కిట్ తీసుకుని, 35 టర్న్‌ల బ్రష్డ్ మోటార్ వేసుకున్నాను. బడ్జెట్ అయిపోవడంతో ఈఎస్‌సీ (ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్) మాత్రం పేరూ ఊరూ లేనిది తెప్పించాను. పైన 320 ఆంపియర్లు అని రాసి ఉంది. పెద్ద నంబరు కదా, మంచిదే అనుకున్నా. కానీ దాని వైర్ల మందం చూస్తేనే అర్థమవుతుంది, అంత కరెంటు వాటిలో నిలకడగా పారడం జరగని పని. క్షణంపాటు తట్టుకునే బర్స్ట్ రేటింగ్ వేరు, నిరంతరం ఇవ్వగల కంటిన్యువస్ రేటింగ్ వేరు. కొనేటప్పుడు రెండోదే చూడాలి. అయినా క్రాలర్‌కి ఆంపియర్లు మొదటి ప్రశ్నే కాదు.

మొదటి ప్రశ్న: డ్రాగ్ బ్రేక్

ట్రిగ్గర్ వదలగానే ఈఎస్‌సీ మోటార్ రెండు కొసల్నీ లోపల కలిపేస్తుంది. అప్పుడు చక్రాలు మోటార్‌ని తిప్పాలని చూస్తే అది జనరేటర్‌లా మారి ఎదురు తిరుగుతుంది. బండి వాలు మీద ఆగేది దీనివల్లే. రేసింగ్ కార్లకి ఇది తక్కువ చాలు, క్రాలర్‌కి దాదాపు 100 శాతం కావాలి. నా పాత ఈఎస్‌సీలో డ్రాగ్ బ్రేక్ పెంచుకునే సెట్టింగే లేదు.

ఇంకో సంగతి, రివర్స్. కొన్ని ఈఎస్‌సీల్లో ట్రిగ్గర్ ఒకసారి తోస్తే బ్రేక్, వదిలి మళ్లీ తోస్తేనే రివర్స్. రాళ్ల మధ్య ఆ అర సెకను చాలు బండి బోల్తా పడటానికి. ముందుకీ వెనక్కీ నేరుగా మారే మోడ్ ఉందో లేదో చూసుకోండి.

రెండోది: బీఈసీ

రిసీవర్‌కీ స్టీరింగ్ సర్వోకీ పవర్ ఇచ్చేది ఈఎస్‌సీ లోపలి బీఈసీనే. ముందు చక్రాలు రాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు సర్వో ఒక్కసారిగా కరెంటు గుంజుతుంది. బీఈసీ అంత ఇవ్వలేకపోతే వోల్టేజ్ పడిపోయి రిసీవర్ రీస్టార్ట్ అవుతుంది. మనమేమో సిగ్నల్ పోయిందనుకుని రిమోట్‌ని తిట్టుకుంటాం. అందుకే సర్వో స్టాల్ కరెంట్ ఎంతో, బీఈసీ ఎంత ఇస్తుందో పక్కపక్కన పెట్టి చూడండి. చాలకపోతే విడిగా బీఈసీ పెట్టుకోవచ్చు. దాంతోనే రిసీవర్‌కీ పవర్ ఇస్తుంటే, ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కి వెళ్లే మూడు వైర్లలో ఎర్రదాన్ని తప్పకుండా తీసేయాలి. లేదంటే రెండు బీఈసీలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి.

మూడోది: బ్యాటరీ, మోటార్

2ఎస్ లైపో ఫుల్ ఛార్జ్‌లో 8.4 వోల్టులు, 3ఎస్ అయితే 12.6. మీరు వాడబోయే బ్యాటరీకి సపోర్ట్ ఉండాలి. లైపో వాడుతూ సెట్టింగ్ నికెల్ మెటల్ హైడ్రైడ్ దగ్గర వదిలేస్తే కటాఫ్ సరైన చోట పడక సెల్స్ పాడవుతాయి. బ్రష్డ్ మోటార్లలో టర్న్‌లు తగ్గే కొద్దీ కరెంటు ఎక్కువ, కాబట్టి ఈఎస్‌సీ మాన్యువల్‌లో టర్న్‌ల పరిమితి కూడా చదవండి. బ్రష్‌లెస్‌కి వెళ్లాలనుకుంటే సెన్సర్లు లేనివి మరీ నెమ్మదిగా కదిలేటప్పుడు కుదుపులిస్తాయి. సెన్సర్డ్ మోటార్, దానికి తగిన ఈఎస్‌సీ తీసుకోవడం మంచిది. కొత్తవాళ్లకి మాత్రం నా ఓటు బ్రష్డ్‌కే.

చివరికి ఏది తీసుకున్నాను?

హాబీవింగ్ క్విక్‌రన్ 1080. కంటిన్యువస్ రేటింగ్ 80 ఆంపియర్లే. పాతదానితో పోలిస్తే కాగితం మీద నాలుగో వంతు! కానీ 2ఎస్, 3ఎస్ రెండూ పడతాయి, నీళ్లు తగిలినా భయం లేదు, బీఈసీని 6 లేదా 7.4 వోల్టులకి మార్చుకోవచ్చు. డ్రాగ్ బ్రేక్ ప్రోగ్రామ్ కార్డ్‌తో సెట్ చేసుకోవచ్చు. నాకు నచ్చనిది ఒకటుంది. నా దాంట్లో బీఈసీ 3 ఆంపియర్లే, పెద్ద సర్వో వేస్తే విడి బీఈసీ ఖర్చు తప్పదు. బిగించాక థ్రాటిల్ కాలిబ్రేషన్ మర్చిపోకండి. అది చేయకపోతే ఎంత మంచి ఈఎస్‌సీ అయినా న్యూట్రల్‌ని సరిగ్గా గుర్తుపట్టదు, అప్పుడు బ్రేక్ కూడా సరిగ్గా పడదు.

సెలవులు అయిపోయేలోపు మా తమ్ముణ్ని మళ్లీ అదే బండ దగ్గరికి తీసుకెళ్లాను. "అప్పుడు తప్పు నాదిరా, సారీ" అని రిమోట్ వాడి చేతికిచ్చాను. కాసేపు తీసుకోలేదు. తర్వాత బండిని సగం దాకా ఎక్కించి ట్రిగ్గర్ వదిలాడు. బండి అక్కడే ఆగింది. వాడు బండి వైపు చూడకుండా నా వైపు చూశాడు.

కాబట్టి కొనేముందు షాపువాణ్ని "ఎన్ని ఆంపియర్లు?" అని కాదు, "ట్రిగ్గర్ వదిలితే వాలు మీద ఆగుతుందా?" అని అడగండి.