క్రొత్త కారు – ఇల్లాలి జాగ్రత్త

ఏండ్లతరబడి కూడబెట్టిన ధనముతో కొన్న కారు తలుపుపై రంగు పొక్కులు లేచినను, ఇంజనునుండి వింతచప్పుడు వచ్చినను ఇంటిల్లిపాది మనస్సు కలుక్కుమనును. అమ్మినవారు "ఇది చిన్నవిషయము" అని సర్దిచెప్పుదురు. ఆ మాటతో మిన్నకుండవలదని మా మనవి.

కర్మాగారమున కారునకు తుప్పును నిరోధించు పూత, అస్తరు, వర్ణము, మెరుగుపూత వరుసగా వేయుదురు. అన్నియు కలిసి మిల్లీమీటరులో సుమారు పదవవంతు మందమే. నడుమ ధూళికణము చిక్కినచో మొటిమవలె పైకి తేలును. దుకాణపు దీపకాంతిలో ఇట్టివి తరచుగా కానరావు. కావున కారును కడిగించి, పగటివెలుతురున నలువైపుల చూచి, ఇంజను నడిపించి వినిన పిమ్మటనే ముట్టినట్లు సంతకము చేయవలెను.

లోపము కనబడినచో ఛాయాచిత్రములతో, తేదీవేసి, వ్రాతమూలకముగా తెలియజేయుడు. మరమ్మతునకిచ్చిన ప్రతిపర్యాయము చీటీ తీసికొనుడు. అప్పటికిని వినరేని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము మనకు అండగా నున్నది. వివాదకారణము పుట్టిన రెండేండ్లలోపల మనము నివసించు జిల్లాలోని వినియోగదారుల కమిషనునందే ఫిర్యాదు చేయవచ్చును; వకీలు లేకున్నను విందురు. 5 లక్షలు దాటి 10 లక్షల రూపాయలవరకు వెలగల కారునకు రుసుము 200 రూపాయలు మాత్రమే. లోపము రుజువైనచో బాగుచేయుమని గాని, మార్చియిమ్మని గాని, సొమ్ము తిరిగి చెల్లింపుమని గాని కమిషను ఆజ్ఞాపింపగలదు.

పాలలెక్క, పచారీపద్దు తప్పక వ్రాయు చేతికి ఈ చీటీలు దాచుట భారమగునా?